పుష్-ఫోల్డ్ చార్ట్: పది బ్లైండ్ల టెన్షన్ తీర్చింది, టికెట్ దగ్గర నోరు మూసుకుంది

చిన్న పోకర్ టోర్నమెంట్లలో చిప్స్ ఎక్కువగా కరిగిపోయేది ఎక్కడో ఆడేవాళ్లందరికీ తెలుసు. పది బ్లైండ్లు మిగిలాక. బ్లైండ్ అంటే ముక్కలు చూడకముందే వంతులవారీగా కట్టాల్సిన పందెం: ఒకరు సగం (స్మాల్ బ్లైండ్), పక్కనవాడు పూర్తిగా (బిగ్ బ్లైండ్). ఆసు వస్తుందిలే, జత వస్తుందిలే అని కూర్చుంటే రౌండుకి ఒకటిన్నర బ్లైండ్ పోతుంది, ఈలోగా లెవెల్ మారి, బ్లైండ్లు పెరిగి, మిగిలిన పది కాస్తా ఏడవుతాయి. మా బావ కొత్తపట్నం దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. ఆయనకి ఈ ముక్క చిటికెలో అర్థమైంది. చెరువులో వైట్‌స్పాట్ రోగం కనిపించాక ముప్పై కౌంట్ (కిలోకి ముప్పై తూగే పెద్ద రొయ్య) కోసం ఎవరూ ఆగరు, ఉన్న కౌంట్‌కే పట్టేస్తారు.

పోకర్‌లో అలా ఎప్పుడు పట్టెయ్యాలో, అంటే ఉన్న చిప్సన్నీ తోసెయ్యాలా (పుష్), ముక్కలు పడెయ్యాలా (ఫోల్డ్) అని చెప్పే కాగితమే ఈ పుష్-ఫోల్డ్ చార్ట్. పదమూడు అడ్డం, పదమూడు నిలువు, మొత్తం 169 గళ్లు. మధ్యలో ఐమూలగా జతలు, ఒక పక్క సూటెడ్ (రెండు ముక్కలూ ఒకే గుర్తువి), ఇంకో పక్క ఆఫ్‌సూట్ (వేర్వేరు గుర్తులవి). మీ దగ్గర ఎన్ని బ్లైండ్లు ఉంటే ఏ ముక్కలతో ఆల్ ఇన్ (చిప్సన్నీ పెట్టెయ్యడం) వెయ్యొచ్చో, ఎదుటివాడు వేస్తే దేనితో కాల్ (ఆ పందేనికి సరితూగే చిప్స్ పెట్టడం) చెయ్యొచ్చో గళ్లలో ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. నేను ఒంగోలు కర్నూలు రోడ్డులో కలర్ ప్రింట్ తీయించి లామినేషన్ చేయించా. షాపులో అబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "పిల్లలకి ఎక్కాలా అన్నా?" అన్నాడు. అవునన్నా.

దీనికి నేను ఇచ్చే మొదటి మార్కు మనశ్శాంతికి. స్మాల్ బ్లైండ్‌లో పది బ్లైండ్లతో కూర్చున్నప్పుడు, ముందున్నవాళ్లంతా ఫోల్డ్ చేస్తే, సగానికి పైగా చేతులతో (చేతికొచ్చే రెండు ముక్కల జోళ్లతో) తోసెయ్యొచ్చని చార్ట్ చెబుతుంది. ఆసు ఉంటే పక్కనున్నది రెండైనా సరే. రాజు ఉన్నా అంతే. మొదట్లో చేతులు వణికాయి. తర్వాత అలవాటైపోయింది. ఓడినా "ఎందుకు వేశానబ్బా" అని రాత్రంతా దొర్లడం తగ్గింది. బెంగళూరులో ఉద్యోగం చేసే రోజుల్లో యాభై, వంద రూపాయల టోర్నీల్లో చివరి టేబుల్ దాకా వెళ్లడం కూడా పెరిగింది. అందులో చార్ట్ వాటా ఎంత, అదృష్టం వాటా ఎంత అంటే గట్టిగా చెప్పలేను. టోర్నమెంట్లలో అదృష్టం తేలడానికి చాలా చాలా ఆటలు కావాలి.

ఇక అసలు సంగతి. పెద్ద టోర్నీకి టికెట్ ఇచ్చే ఒక శాటిలైట్. టికెట్లు రెండు, మిగిలింది ముగ్గురం, ముగ్గురి దగ్గరా పదేసి బ్లైండ్లు. ఆంటీ (బ్లైండ్లు కాక ప్రతి ఆటకీ అదనంగా కట్టే చిన్న పందెం) లేదు. బటన్ మీదున్నతను (పంచేవాడి స్థానం, ముగ్గురి ఆటలో ముందు నిర్ణయం అతనిదే) ఫోల్డ్. స్మాల్ బ్లైండ్ ఆల్ ఇన్. బిగ్ బ్లైండ్‌లో నేను, చేతిలో ఆసు-ఐదు, ఆఫ్‌సూట్. చార్ట్ చూస్తే కాల్. అనుమానమే లేదు, గడి ముదురు ఆకుపచ్చ. కాల్ నొక్కా. అతను రాణి-ఏడు తిప్పాడు. ఫ్లాప్‌లో, అంటే అందరికీ ఉమ్మడిగా తెరిచే మొదటి మూడు ముక్కల్లో, రాణి పడింది. నాలుగోది, టర్న్, ఏదో పనికిమాలిన ముక్క. చివరిదైన రివర్ మీద ఆసు. టికెట్ నాది. వీధిలోకి వినపడేంత గట్టిగా అరిచా. వెంటనే బావకి ఫోన్ చేసి చార్ట్ గొప్పతనం అరగంట చెప్పా.

తర్వాత ఒక ఆదివారం తీరిగ్గా అదే చేతిని లెక్కల్లో పెట్టి చూశా. చిప్స్ వరకే చూస్తే, ఇంకో తొమ్మిది బ్లైండ్లు పెట్టి మొత్తం ఇరవై కోసం ఆడుతున్నా, కాబట్టి 45 శాతం గెలుపు చాలు. ఆసు-ఐదుకి అంతకన్నా చాలా ఎక్కువే ఉంది. కానీ అక్కడ ఆడుతున్నది చిప్స్ కోసం కాదు కదా. ఫోల్డ్ చేస్తే నాకు తొమ్మిది బ్లైండ్లు, మిగతా ఇద్దరికి పది, పదకొండు ఉంటాయి. ఐసీఎం అనే లెక్క (చిప్స్‌ని బహుమతి విలువలోకి మార్చేది) ప్రకారం ఆ తొమ్మిది బ్లైండ్లకే టికెట్ విలువలో 62 శాతం దాకా ఉంది. కాల్ చేసి గెలిస్తే మొత్తం టికెట్, ఓడితే సున్నా. అంటే గెలుపు 62 శాతం దాటితేనే కాల్ లాభం. ఎదుటివాడు ముక్కలు చూడకుండా కళ్లు మూసుకుని తోసినా ఆసు-ఐదు ఆఫ్‌సూట్‌కి వచ్చేది సుమారు 58 శాతమే. అతను కాస్త ఏరుకుని తోస్తే ఇంకా తక్కువ. చార్ట్ ఆకుపచ్చ అన్న చోట టికెట్ లెక్క ఎర్రజెండా ఊపుతోంది.

బావకి చెబితే నవ్వాడు. "ఏందిరా బామ్మర్దీ, గెలిచినదానికి కూడా ఏడుపేనా? టికెట్ వచ్చిందా లేదా?"

వచ్చింది. నా కోపం చార్ట్ మీద కూడా కాదు, దాని మీద ఎక్కడా ఆ ఒక్క లైను లేకపోవడం మీద. ఇది చిప్స్ లెక్క మాత్రమే, బహుమతుల లెక్క కాదు అని పైన రాస్తే సిరా ఎంత అవుతుంది? శాటిలైట్ చివర్లో ఒక్కోసారి రెండు ఆసులు కూడా పడెయ్యాల్సి వస్తుంది. మామూలు టోర్నీల్లో తేడా అంత ఘోరంగా ఉండదు గానీ బబుల్ (ఇంకొక్కరు పోతే మిగతా అందరికీ బహుమతి ఖాయమయ్యే దశ) దగ్గర, చివరి టేబుల్ మీద ఉంటుంది. ముఖ్యంగా కాల్ చేసేటప్పుడు. తోసేవాడికి ఎదుటివాడు భయపడి ఫోల్డ్ చేసే అవకాశం ఉంది, కాల్ చేసేవాడికి అది లేదు. స్టాకులు (ఎవరి దగ్గర ఎన్ని చిప్స్), బహుమతులు ఇస్తే ఈ లెక్క చేసిపెట్టే ఉచిత కాలిక్యులేటర్లు ఉన్నాయి. ఆట మధ్యలో వాడటానికి కాదు, తర్వాత కూర్చుని చూసుకోవడానికి. వాటికీ ఒక లోపం ఉంది: తర్వాతి చేతిలో బ్లైండ్ ఎవరు కట్టాలో ఆ లెక్కకి పట్టదు.

మొదట చార్ట్‌ని ఎంత మెచ్చుకున్నానో అందులోంచి ఇంకొంచెం తగ్గించాలి. దీని వెనకున్నది గణిత శాస్త్రవేత్త జాన్ నాష్ 1950లో చెప్పిన సమతుల్యత. ఎదుటివాడు కూడా తప్పు చెయ్యడనే లెక్క. యాభై రూపాయల టేబుల్ మీద రాత్రి పదకొండు తర్వాత తప్పు చెయ్యనివాడు ఎవడండీ? రాజు-మూడుతో కాల్ చేసేవాళ్లున్నారు, బోర్ కొట్టి కాల్ చేసేవాళ్లున్నారు. అలాంటివాళ్ల ముందు చార్ట్ అంచుల్లో ఉన్న బలహీనమైన చేతులు మానేసి, ఆసులు, జతలు వచ్చినప్పుడు నిశ్చింతగా వెయ్యడమే మేలనిపించింది. లామినేషన్ మీద మార్కర్‌తో కొన్ని గళ్లు కొట్టేశా. బబుల్ దగ్గర బిక్కుబిక్కుమంటూ అన్నీ ఫోల్డ్ చేసే టేబుల్ తగిలితే దానికి రివర్స్, చార్ట్ చెప్పిన దానికన్నా ఎక్కువే తోశా. ఆంటీ ఉన్న టోర్నీకి ఆంటీ లేని చార్ట్ తెచ్చుకున్నా ఇదే బాధ, అవసరానికన్నా బిగదీసి ఆడతారు. తెచ్చుకునేటప్పుడు పైన రాసింది చూసుకోండి.

ఇప్పటి పరిస్థితి కూడా చెప్పాలి. ఆంధ్రాలో 2020 నుంచే డబ్బుతో ఆన్‌లైన్ ఆటలు నిషేధం. పండక్కి బస్సులో వస్తుంటే కర్ణాటక సరిహద్దులో నంగిలి చెక్‌పోస్టు దాటగానే యాప్ లొకేషన్ చూసి తలుపు వేసేసేది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టంతో దేశమంతా అదే మాట. నేనూ ఒంగోలు వచ్చేశా, ఇప్పుడు ఆడేది ఉత్తుత్తి చిప్స్‌తోనే. అక్కడ చార్ట్ దాదాపు దండగ, ఎందుకంటే పోయేదేమీ లేనివాడు ఫోల్డ్ చెయ్యడు. బావతో ఇద్దరమే కూర్చుని ఆడినప్పుడు మాత్రం భలే పనిచేస్తుంది, చార్ట్ పుట్టిందే ఇద్దరి ఆట కోసం కాబట్టి.

కొనేదేమీ లేదు కాబట్టి డబ్బుకి తగ్గ వస్తువా అనే ప్రశ్నే రాదు. ఇలాంటి ఆటకి చట్టం ఒప్పుకునే దేశంలో ఉండి, చిన్న టోర్నీలు వారానికి రెండు మూడు ఆడుతూ, చివర్లో చెయ్యి బిగుసుకుపోయే మనిషైతే ఇది పనికొస్తుందనే అంటాను. శాటిలైట్లే ఎక్కువ ఆడేవాళ్లైతే దీనికన్నా ముందు ఐసీఎం నేర్చుకోండి. ఒకేసారి ఆరు టేబుళ్లు ఆడేవాళ్ల సంగతి నాకు తెలియదు, నేను రెండు దాటితే ఏ ముక్క ఎక్కడుందో మర్చిపోతాను.