వంశవృక్షం: పటంగా గీయాలా, కథనంగా రాయాలా?

ఇంటి చరిత్రను చుట్టాలందరి చేతా చదివించాలంటే రెండు దారులున్నాయి: పటం గీయడం, లేదా తరం తర్వాత తరం కథనంగా రాయడం.

పటంలో ఎవరికి ఎవరు ఏమవుతారో ఒక్క చూపులో తెలుస్తుంది. మూడు నాలుగు తరాల దాకా బాగానే ఉంటుంది, ఆపైన కాగితం చాలదు. మన ఇళ్లలో అసలు చిక్కు మేనరికం. మేనమామను చేసుకున్న అమ్మాయి అమ్మమ్మకు మనవరాలూ, కోడలూ కూడా. ఆమెను ఏ గడిలో పెట్టాలి? రెండు చోట్లా పెడితే ఇద్దరనుకుంటారు, ఒకచోటే పెడితే గీతలు అడ్డదిడ్డంగా దాటుకుంటాయి. పైగా తాత పేరు మనవడికి పెడతాం కనుక ఒకే ఇంటిపేరుతో ముగ్గురు వెంకటేశ్వర్లు తేలతారు.

కథనంలో అంకెలు ఆదుకుంటాయి. ప్రతి మనిషికీ తరాల వరుసలో అంకెలిచ్చే ద'అబోవిల్ పద్ధతిలో 1 అంటే మూలపురుషుడు, 1.2.3 అంటే ఆయన రెండో సంతానానికి మూడో బిడ్డ. ఏ వెంకటేశ్వర్లో ఇట్టే తెలిసిపోతుంది. పక్కనే ఊరు, వృత్తి, కోడలి పుట్టింటి పేరు రాసుకోవచ్చు. చాలా పటాల్లో ఆడపిల్లలు పెళ్లితోనే మాయమైపోతారు. నాకు మింగుడుపడనిది అదే.

కథనం చదవడానికి ఓపిక కావాలి, నిజమే. అమెరికాలో పెరిగిన పిల్లలకు పెదనాన్న, మేనమామ తేడా పటంలోనే ముందు పట్టుబడుతుంది. అయినా నా ఓటు కథనానికే. ప్రతి శాఖ మొదట్లో మూడు తరాల చిన్న పటం పెడితే చాలు. బతికున్నవాళ్ల పుట్టినతేదీలు మాత్రం రెండింట్లోనూ వద్దు.