63 ఆంపియర్ల పవర్ బాక్స్: నాలుగేళ్ల వాడకం తర్వాత

జాతరల్లో, సభల్లో లైట్లకూ మైకులకూ కరెంటు పంచే ఈ పెట్టె మంచిదే. కానీ దాని న్యూట్రల్ లింకును (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీని) కళ్లు మూసుకుని నమ్మడానికి లేదు.

చెరువుగట్టు, మన్యంకొండ, కురుమూర్తి జాతరల్లో, వినాయక మంటపాల దగ్గర, బతుకమ్మ మైదానాల్లో, ఎండాకాలం సభల్లో తిరిగిన పెట్టె ఇది. లోపలికి 63 ఆంపియర్ల ఐదు పిన్నుల త్రీఫేజ్ ప్లగ్గు, ఒక ఫోర్‌పోల్ ఎంసీబీ (మూడు ఫేజులనూ న్యూట్రల్‌నూ కలిపి తెంచే, లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి). బయటికి ఆరు నీలం సాకెట్లు, ఒక్కోటి 16 ఆంపియర్లు. మోటర్లకు ఒక ఎర్ర 32 ఆంపియర్ల త్రీఫేజ్ సాకెట్. పైన మూడు ఫేజు దీపాలు, ఒక వోల్టు మీటరు. ఇద్దరు మోస్తే తేలికగా కదులుతుంది.

అన్నిటికన్నా నచ్చింది ప్రతి సాకెట్‌కూ విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీబీఓ (కరెంటు ఎర్త్‌లోకి లీకైనా, లోడు ఎక్కువైనా ఆ లైనును తెంచే స్విచ్చి) ఉండడం. మొత్తానికి ఒకే ఆర్సీసీబీ (లీకేజీని మాత్రమే పట్టే స్విచ్చి) పెట్టిన చవక బోర్డుల్లో బతుకమ్మ రాత్రి చినుకు పడి సీరియల్ లైట్ల అతుకు ఒక్కటి తడిస్తే చాలు, మైకుతో సహా మైదానమంతా చీకటే. ఇందులో ఆ ఒక్క లైనే పడిపోతుంది. కాకపోతే స్టేజీ మీద రంగులు వేసే ఎల్ఈడీ పార్‌క్యాన్‌లు బాగున్నా ఒక్కోటి ఒక మిల్లీ ఆంపియర్ దాకా ఎర్త్‌లోకి వదలొచ్చు. 30 అని రాసి ఉన్న ఆర్సీబీఓ 15 దాటిన తర్వాత ఎప్పుడైనా పడొచ్చు. అందుకే ఒక సాకెట్‌కు పది పార్‌క్యాన్‌లు మించకుండా పంచాలి. పెట్టెతో వచ్చినవి ఏసీ రకం ఆర్సీబీఓలు. లైట్లు, యాంప్లిఫయర్ల లైన్లకు టైప్-ఏ (A) రకం వేయించడం మేలు, ఎలక్ట్రానిక్ సామాన్ల లీకేజీని ఏసీ రకం కొన్నిసార్లు పసిగట్టదు. కొనేటప్పుడు ఐఎస్ 12640 (ఈ స్విచ్చిల భారత ప్రమాణం) గుర్తు చూసుకోవాలి.

నీలం సాకెట్లతో మొదట్లో డెకరేషన్ వాళ్లకు చికాకే. ప్లగ్గు లేకుండా వైరు కొసలు చెక్కి, సాకెట్ బొక్కల్లో పెట్టి అగ్గిపుల్లలు గుచ్చే అలవాటు ఇక్కడ సాగదు. నీలం ప్లగ్గు నుంచి మామూలు ఐదు రంధ్రాల బోర్డుకు తీసిన లీడ్లు కనీసం నాలుగు ముందే సిద్ధం చేసి ఉంచాలి. లేకపోతే పెట్టె మూత విప్పి లోపలి నుంచే వైరు లాగేవాళ్లు తయారవుతారు.

ఇక న్యూట్రల్ సంగతి. ట్రాలీ ఆటోలో గతుకుల రోడ్డు మీద తిరిగే పెట్టెలో స్క్రూలు వదులవుతాయి. ఫేజు వదులైతే ఆ ఫేజు మీది లైట్లు ఆరతాయి. న్యూట్రల్ వదులైతే సామాను కాలుతుంది. ఆర్ ఫేజు మీద 2000 వాట్ల హాలోజన్లు, వై ఫేజు మీద 200 వాట్ల సౌండు మిక్సరు ఉండి న్యూట్రల్ ఊడిందనుకోండి. రెండూ ఆ రెండు ఫేజుల నడుమ ఉండే 415 వోల్టుల మధ్య వరుసగా కూర్చుంటాయి. తక్కువ లోడున్న మిక్సరు మీద 370 వోల్టులు దాటి పడుతుంది. పోయిన కరెంటు తిరిగొస్తూనే ఉంటుంది కాబట్టి ఆర్సీబీఓ కదలదు, ఆంపియర్లు పెరగవు కాబట్టి ఎంసీబీ కూడా కదలదు. ముందు మసకబారిన హాలోజన్, వెంటనే కాలిన వాసన. ఫేజు దీపాల్లో ఒకటి మెరుస్తూ, ఒకటి మసకగా కనబడితే ఆలోచించకుండా మెయిన్ దించాలి.

మా పెట్టెలో న్యూట్రల్ లింకు దగ్గర సన్న పోగుల కేబుల్‌ను లగ్గు (కేబుల్ కొసకు వేసే లోహపు తొడుగు) లేకుండా నేరుగా స్క్రూ కింద నొక్కారు. పోగులు పక్కకు జారి, కొన్ని నల్లబడి ఉన్నాయి. 16 చదరపు మిల్లీమీటర్ల పిన్ లగ్గులు నొక్కి క్రింప్ చేసి వేసిన తర్వాత ఆ బాధ తగ్గింది. ప్రతి ప్రయాణం తర్వాత, సప్లై ఇవ్వకముందే, బిగువు చూడడం మాత్రం తప్పదు. వోల్టేజీ అదుపు తప్పితే మెయిన్ కాంటాక్టరును (మొత్తం సప్లైని తెంచే స్విచ్చిని) దానంతటదే దించే రిలే ఒకటి వేయించాం. కంపెనీ వాళ్లు మొదటే వేసి ఉండాల్సింది.

ఎర్తింగ్ మన ప్రాంతంలో కష్టమే. గట్టు మీద బండరాయిలో 1.2 మీటర్ల రాడ్డు దిగదు. మట్టి దొరికే చోటు చూసి, రెండు మూడు మీటర్ల ఎడంతో రెండు మూడు రాడ్లు దించి కలిపి, ఉప్పు నీళ్లు పోయాలి. అంతా చేసినా మొరం నేలలో 100 ఓములు ఉండొచ్చు. ఆ ఎర్త్‌తో ఫేజు బాడీకి తగిలితే పారేది 2 ఆంపియర్లు చిల్లరే. 16 ఆంపియర్ల ఎంసీబీ దాన్ని పట్టించుకోదు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీబీఓ వెంటనే పడుతుంది.

టెస్ట్ బటన్ నొక్కితే పడింది కదా అని ఎర్త్ బాగుందనుకోవద్దు. బటన్ లోపలి రెసిస్టరుతోనే లీకేజీ పుట్టిస్తుంది, ఎర్త్ వైరు తెగి ఉన్నా పడుతుంది. మల్టీమీటరుతో చూడాలి: ఫేజు-న్యూట్రల్ 230 దగ్గర, ఫేజు-ఎర్త్ కూడా దాదాపు అంతే, న్యూట్రల్-ఎర్త్ రెండు మూడు వోల్టులు. అద్దె జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్ ఎర్త్‌కు కలిపి ఉండదు. అలాంటప్పుడు ఆర్సీబీఓలు అలంకారానికే. జనరేటర్ దగ్గరే, ఒకే ఒక్క చోట, న్యూట్రల్‌ను బాడీకీ రాడ్డుకూ కలపాలి. పెట్టెలో మళ్లీ కలిపితే న్యూట్రల్ కరెంటు కొంత ఎర్త్ వైరులోకి మళ్లుతుంది. టీజీఎస్పీడీసీఎల్ (దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ) టెంపరరీ సర్వీసు నుంచి తీసుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే న్యూట్రల్ ఎర్త్ అయి ఉంటుంది, ఈ బంధం అక్కర్లేదు.

ఏప్రిల్, మే ఎండలో ఇనుప పెట్టె పొయ్యి మీది పెనమే. ఎంసీబీ రేటింగు 30 డిగ్రీలకు లెక్కేసింది. లోపల 60 చేరితే 16 ఆంపియర్లది 13 దగ్గరే దిగొచ్చు. దాన్ని లోపమనుకుని పెద్ద ఎంసీబీ వేస్తే వైరు కాలుతుంది. స్టేజీ కింద నీడలో, ఇటుకల మీద పెట్టండి. ప్లాస్టిక్ పట్టాతో చుట్టొద్దు.

వైర్ల విషయంలో ఒకటే మాట. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీద 50 మీటర్ల దూరానికి 16 ఆంపియర్లు తీస్తే 14 వోల్టుల దాకా తగ్గుతుంది. డ్రమ్ము మీది వైరు సగమే విప్పి లోడు వేస్తే మిగతా చుట్లు మెత్తబడి అతుక్కుంటాయి, మొత్తం విప్పాల్సిందే.

రంగులరాట్నం మోటరుకు 32 సాకెట్ సరిపోతుంది గానీ స్టార్టింగులో ఆరింతలు లాగుతుంది కాబట్టి సీ కర్వ్ ఎంసీబీ కొన్నిసార్లు పడింది. డీ కర్వ్ (స్టార్టింగు లాగుడును ఎక్కువ ఓర్చుకునే రకం) వేశాక పడలేదు. సాకెట్ మూతల స్ప్రింగులు రెండో ఏడాదికే వదిలాయి. మూత సరిగా పడకపోతే వాన నీళ్ల నుంచి కాపుదల ఉండదు, నాలుగు మూతలు విడిగా తెప్పించుకోవాల్సి వచ్చింది.