చంద్రశిలల లోపలికి తీసుకెళ్లే వర్చువల్ మైక్రోస్కోప్

1969 నుంచి 1972 వరకు ఆరు అపోలో యాత్రల్లో వ్యోమగాములు 382 కిలోల రాళ్లు, మట్టి తెచ్చారు. వాటిని స్వయంగా మైక్రోస్కోప్ కింద పెట్టి చూసే అవకాశం కొద్దిమంది పరిశోధకులకే దక్కుతుంది. ఆ లోటును బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీవారి వర్చువల్ మైక్రోస్కోప్ చాలావరకు తీరుస్తోంది. రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, గాజు పలకకు అంటించిన థిన్ సెక్షన్లను అందులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది 15555 అనే నమూనా. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీది హేడ్లీ లోయ అంచున ఏరిన 9.6 కిలోల బసాల్ట్ (లావా గడ్డకట్టి ఏర్పడిన రాయి) ఇది. మామూలు వెలుతురులో వెలవెలబోయినట్టు కనిపించే ఈ రాయి, క్రాస్ పోలరైజర్లకు (ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు కాంతి వడపోతలకు) మార్చగానే రంగులమయమవుతుంది. ఆలివిన్, పైరాక్సీన్ అనే ఖనిజాల స్ఫటికాలు నీలం, గులాబీ, నారింజ రంగుల్లో మెరుస్తాయి. వాటి నడుమ ప్లాజియోక్లేజ్ అనే లేతరంగు ఖనిజం నలుపు తెలుపు చారలతో పడుగుపేకల్లా అల్లుకుని ఉంటుంది. అంతకన్నా ఆశ్చర్యపరిచేది దాని తాజాదనం. భూమి మీద అంత వయసున్న బసాల్టులో ఆలివిన్ నీటి వల్ల చాలావరకు సర్పెంటైన్‌గానో బంకమట్టి ఖనిజాలుగానో మారిపోయి ఉంటుంది. 330 కోట్ల ఏళ్లు గడిచినా ఈ స్ఫటికాల అంచులు నిన్న మొన్న గడ్డకట్టినంత స్వచ్ఛంగా ఉన్నాయంటే, చంద్రుడి మీద రాళ్లను మార్చే నీరు ఎంత అరుదో ఏ పాఠమూ అక్కర్లేకుండానే అర్థమవుతుంది.

అపోలో 11 బసాల్టుల్లో కాంతిని పోనివ్వని నల్లటి ఇల్మనైట్ (టైటానియం ఉన్న ఖనిజం) పలకలు విరివిగా ఉంటాయి, అపోలో 12 రాళ్లలో తక్కువ. రెండూ చంద్రుడి మీద 'సముద్రాలు' అని పిలిచే నల్లటి మైదానాల లావాలే అయినా టైటానియం పాళ్లలో ఇంత తేడా ఉండడాన్ని పక్కపక్కన పెట్టి చూడగలగడం ఈ సేవలో నాకు బాగా నచ్చిన అంశం.

అయితే దిగిన చోటు తెలియకుండా స్లైడు చూస్తే అందమైన రంగులే మిగులుతాయి. అపోలో 16 దిగిన డెకార్ట్ ప్రాంతం అగ్నిపర్వతాల వల్ల ఏర్పడిందని భూవిజ్ఞానులు ముందుగా అనుకున్నారు. తీరా వచ్చినవి ఎక్కువగా ఉల్కాపాతాలకు నుజ్జయి మళ్లీ అతుక్కున్న బ్రెషియాలు. ఆ నేపథ్యం తెలిసినవారికి గజిబిజిగా కనిపించే ఆ ముక్కలే అసలు కథ చెబుతాయి. అందుకే ల్యాండింగ్ ప్రదేశాల మ్యాపును పక్కన తెరిచి ఉంచుకుని చూడాలని నా గట్టి సలహా. స్లైడులో ఎంచిన కొన్ని చోట్లనే స్ఫటికాన్ని తిప్పి చూసే వీలుండడం మరో పరిమితి. అపోలో సంకలనం కాబట్టి, 2020లో చైనా వ్యోమనౌక చాంగ్అ-5 తెచ్చిన, సుమారు 200 కోట్ల ఏళ్ల వయసున్న బసాల్టును 15555 పక్కన పెట్టి పోల్చుకునే అవకాశమూ ఇందులో లేదు.

కొత్తవారు 15555తో మొదలుపెట్టి, ప్లాజియోక్లేజ్ చారలకు కన్ను అలవాటుపడ్డాక 15415కు వెళ్లడం మంచిది. 'జెనిసిస్ రాక్'గా పేరుపడ్డ ఆ అనార్థోసైట్ దాదాపు పూర్తిగా ప్లాజియోక్లేజే. నేరుగా చూస్తే వట్టి బూడిదరంగు పలకే అనిపిస్తుంది. ఈ క్రమంలో చూసినప్పుడు మాత్రం, కరిగిన శిలాద్రవ సముద్రం పైకి తేలిన తేలికైన స్ఫటికాలు చంద్రుడి తొలి పెంకుగా పేరుకున్న తీరు కళ్లకు కడుతుంది.