బ్యాండ్‌సా అదురుతోందా? చక్రాల వరస సరిచేయడమా, ట్రాకింగ్‌తో సరిపెట్టడమా: ఏది మేలు?

బ్యాండ్‌సా (పైనా కిందా ఉన్న రెండు చక్రాల మీద తిరిగే పట్టీలాంటి బ్లేడుతో చెక్క కోసే యంత్రం) అదరడం మొదలవగానే చాలామంది పొడవాటి బద్ద ఒకటి తెచ్చి, పై చక్రం, కింది చక్రం ఒకే వరసలో ఉన్నాయా అని చూస్తారు. ఎక్కడో రెండు మిల్లీమీటర్ల సందు కనిపిస్తుంది. దొంగ దొరికాడనుకుని చక్రం ఊడదీసి, వెనక వాషర్లు వేసి, మళ్లీ బిగిస్తారు. స్విచ్ వేస్తే అదురు అదురులాగే ఉంటుంది.

ఉండక ఏమవుతుంది? చక్రాలు వరస తప్పితే బ్లేడు ఓ పక్కకు లాగుతుంది, టైరు (చక్రం అంచుకు తొడిగిన మెత్తటి పట్టీ) ఓ వైపే అరుగుతుంది, మందపాటి చెక్కలో కోత వంకర పోతుంది. కానీ ఆ తేడా చక్రం ఎన్ని చుట్లు తిరిగినా మారదు. అదురు పుట్టాలంటే ప్రతి చుట్టులోనూ ఏదో ఒకటి ఎక్కువ తక్కువ అవుతుండాలి. టైరు మీద గడ్డకట్టిన రంపపు పొట్టు, బ్లేడు రెండు కొసలూ కలిపిన అతుకు దగ్గర మెట్టు, ఒక పక్క బరువెక్కిన చక్రం, వంపు తిరిగిపోయిన బెల్టు, వదులైన పుల్లీ... అసలు దోషులు ఇవీ. ఇరుసు వంగో, బేరింగ్ పోయో చక్రమే అటూ ఇటూ ఊగుతుంటే అదీ అదురే, కానీ దానికి వాషర్లు మందు కాదు.

కాబట్టి వరస సంగతి కాసేపు పక్కన పెట్టి, అదురు ఎక్కడిదో ముందు తేల్చుకోవాలి. అన్నిటికన్నా తేలిక పని, మరో బ్లేడు వేసి చూడటం. అదురు పోతే గొడవే లేదు, పాత బ్లేడుదే తప్పు. పోకపోతే బ్లేడు తీసేసి, తలుపులు మూసి నడపండి. అప్పుడు నిమ్మళిస్తే పై చక్రాన్నీ, టైర్లనూ అనుమానించాలి. ఇంకా అదురుతుంటే ప్లగ్ తీసి బెల్టు కూడా విప్పి, మళ్లీ ప్లగ్ పెట్టి మోటారును ఒక్కదాన్నే తిప్పి చూడండి. మోటారు ఒంటరిగా నున్నగా తిరిగితే మిగిలేవి బెల్టు, పుల్లీలు, కింది చక్రమే. మోటారు పుల్లీని ఇరుసుకు పట్టి ఉంచే చిన్న మర (గ్రబ్ స్క్రూ) వదులై ఉండటం నేననుకున్నదానికన్నా మామూలు విషయం. పానా తెచ్చినప్పుడు ముందు అదొకటి బిగించి చూడండి.

బ్లేడుతో నడిపినప్పుడే అదురు వస్తుంటే అది అతుకుదా, చక్రానిదా అన్న ప్రశ్న మిగులుతుంది. ఇక్కడ కొంచెం లెక్క పనికొస్తుంది. 14 అంగుళాల బ్యాండ్‌సాకు చక్రం చుట్టుకొలత సుమారు 44 అంగుళాలు. దానికి మామూలుగా వేసే బ్లేడు పొడవు 93.5 అంగుళాలు. అంటే చక్రం రెండు చుట్లు తిరిగి, ఇంకొంచెం కదిలితే గానీ బ్లేడు ఒక చుట్టు పూర్తి కాదు. బ్లేడు నిమిషానికి 3000 అడుగుల వేగంతో పోతుంటే చక్రం సెకనుకు 13, 14 సార్లు తిరుగుతుంది, అతుకు మాత్రం ఆరుసార్లకు కాస్త ఎక్కువగా టేబుల్ దాటుతుంది. అతుకు చప్పుడు టక్ టక్ మని విడివిడిగా వినిపిస్తుంది. చక్రం అదురు అంతకు రెట్టింపు వేగంతో, దడదడలాడుతున్నట్టు ఉంటుంది.

చెవి మీద నమ్మకం లేకపోతే ప్లగ్ తీసి సుద్దముక్క పట్టుకోండి. పై చక్రం అంచు మీద ఒక గీత, అతుకు మీద ఒక గీత. గైడ్‌లను (బ్లేడు పక్కలకు పోకుండా పట్టే దిమ్మెలను) వెనక్కి జరిపి, టేబుల్ మీద చిన్న చెక్కముక్కను బ్లేడు వీపుకు, అంటే పళ్లు లేని వెనక అంచుకు, తాకీ తాకనట్టు క్లాంపుతో బిగించి, పై చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. చెక్కకూ బ్లేడుకూ మధ్య సందు తెరుచుకుని మూసుకుంటూ కనిపిస్తుంది. చక్రం గీత పైకి వచ్చిన ప్రతిసారీ అలా జరిగితే తప్పు చక్రానిదో టైరుదో. రెండు చుట్లు దాటాక ఒక్కసారి, అదీ అతుకు వచ్చినప్పుడే జరిగితే తప్పు అతుకుది. అతుకు వీపు మీద మెట్టు చిన్నదైతే సానరాయితో నున్నగా చేయొచ్చు. రెండు కొసలూ వంకరగా అతికి ఉంటే ఆ బ్లేడును మార్చడమే మంచిది.

ఇక అసలు పోటీకి వద్దాం. ట్రాకింగ్ అంటే పై చక్రం వాలును నాబ్‌తో మార్చి, బ్లేడు టైరు మీద ఎక్కడ నడవాలో సరిచేయడం. వరస సరిచేయడమంటే రెండు చక్రాల ముఖాలూ ఒకే తలంలోకి వచ్చేలా వాషర్లో, కింది ఇరుసు బోల్టులో వాడి సర్దడం.

ఇంట్లో వాడే చిన్న యంత్రాల్లో చాలావాటికి టైరు నడుమ కాస్త ఉబ్బుగా ఉంటుంది. బ్లేడు దానంతటదే ఆ ఉబ్బు మీదికి ఎక్కి నడుస్తుంది కాబట్టి చక్రాలు కొంచెం ముందూ వెనకా ఉన్నా అది సర్దుకుపోతుంది. అర అంగుళం లోపు బ్లేడులతో పని అయిపోయేవాళ్లకు నా ఓటు ట్రాకింగ్‌కే. గైడ్‌లు, వెనక బేరింగ్ పైనా కిందా బాగా వెనక్కి జరిపి, బ్లేడుకు పూర్తి టెన్షన్ ఇచ్చి, చేత్తో తిప్పుతూ నాబ్ కొద్దికొద్దిగా తిప్పండి. పళ్ల మధ్య గుంట అడుగు టైరు నడిమికి వచ్చేలా ఆపితే కోత తిన్నగా పోయే అవకాశం ఎక్కువ, ఎందుకంటే లాగుడు బలం ఉబ్బు దగ్గరే ఎక్కువగా ఉంటుంది. అయితే ముప్పావు అంగుళం బ్లేడును ఒక అంగుళం టైరు మీద ఇలా పెట్టబోతే దాని వీపు అంచు దాటి బయటికి వేలాడుతుంది. అప్పుడు గుంట నడిమికి రావాలన్న పట్టుదల వదిలి, వీపు టైరు మీద నిలిచేదాకా ముందుకు జరపాలి.

వరస సరిచేయక తప్పని సందర్భాలూ ఉన్నాయి. టైర్లు ఉబ్బు లేకుండా చదునుగా ఉన్నప్పుడు, వెడల్పు బ్లేడుతో మందపాటి దుంగలను పలకలుగా చీల్చేటప్పుడు, బ్లేడు పై చక్రం మీద నడుమ ఉండి కింది చక్రం మీద అంచుకు పోతున్నప్పుడు, టెన్షన్ మార్చిన ప్రతిసారీ ట్రాకింగ్ చెదిరిపోతున్నప్పుడు. కొలతలు మాత్రం బ్లేడు బిగించి, పూర్తి టెన్షన్‌లో ఉండగానే తీయాలి. టెన్షన్ పడితే ఫ్రేమ్ వంగుతుంది, వదులుగా ఉన్నప్పుడు తీసిన కొలత ఎందుకూ కొరగాదు. రెండు చక్రాల అంచుల మందం ఒకటేనా అని కూడా చూసుకోండి. తేడా ఉంటే బద్ద అబద్ధం చెబుతుంది. పై చక్రం పైఅంచు దగ్గరా కిందఅంచు దగ్గరా సందు ఒకే కొలతలో ఉంటేనే వాషర్ల పని. రెండు చోట్లా వేర్వేరుగా ఉంటే అది వాలు, నాబ్‌తోనే పోతుంది.

వాషర్ వేసేటప్పుడు చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. అది బేరింగ్ లోపలి రింగుకు మాత్రమే ఆనాలి. వెడల్పు వాషర్ వేస్తే బయటి రింగునో, దుమ్ము మూతనో రాసుకుంటుంది, అదురు తగ్గించబోయి కొత్త చప్పుడు తెచ్చుకున్నట్టవుతుంది. ఇరుసు చివర నట్టుకు సరిపడా మరలు మిగిలాయా అన్నదీ చూసుకోవాలి.

టైర్ల విషయంలో రబ్బరా, యురెథేనా? రబ్బరు టైరును జిగురుతో అతికించాలి. జిగురు ఎగుడుదిగుడుగా పడితే అదే అదురు అవుతుంది. పాతబడితే గట్టిపడి పగుళ్లిస్తుంది. కానీ గరుకు కాగితంతో రాపి దానికి ఉబ్బు తేవచ్చు. యురెథేన్‌ది వేడినీళ్లలో నానబెట్టి సాగదీసి తొడిగితే చాలు, చాలావాటికి జిగురు అక్కర్లేదు, ఎక్కువ కాలం మన్నుతుంది. చక్రం లోహపు అంచే ఉబ్బుగా ఉంటే యురెథేన్ వేయండి, లోహం చదునుగా ఉంటే రబ్బరు నయం. ఏది వేసినా పాత జిగురు పొరను పూర్తిగా గీకేయకపోతే కొత్త టైరు కూడా గడ్డలతోనే తిరుగుతుంది.

బెల్టు మీద పెద్దగా చర్చ అనవసరం. వీ బెల్టు నెలల తరబడి ఒకే చోట బిగుతుగా ఉండిపోతే పుల్లీ వంపు దానికి అంటుకుపోతుంది. స్విచ్ వేయగానే దడదడలాడి, కాసేపు వేడెక్కాక తగ్గితే అనుమానం దాని మీదే. చిన్న ముక్కలు కలిపి చేసే లింకు బెల్టుకు ఆ జబ్బు లేదు, పొడవు కూడా మనమే సర్దుకోవచ్చు. అయితే సన్నని గాళ్ల చదును బెల్టు నడిచే యంత్రాలకు అది పనికిరాదు. పుల్లీయే వంకరగా తిరుగుతుంటే ఎంత మంచి బెల్టు వేసినా డబ్బు దండగ.

కాళ్ల కింద రబ్బరు ప్యాడ్లు వేయాలా వద్దా అన్నది ఆఖరున తేల్చుకోవచ్చు. అవి నేలకు పోయే అదురును ఆపుతాయే తప్ప బ్లేడు దగ్గర ఉన్నదాన్ని తగ్గించవు. ముందే వేస్తే పక్కగదిలో వాళ్లకు హాయి, కోత మీద గీతలు మాత్రం పడుతూనే ఉంటాయి.