పత్రికకి చందా కట్టాలా, కొట్లో కొనాలా: కోనసీమలో పన్నెండేళ్ల వాడకం తర్వాత

వారపత్రికైతే బస్టాండు బుక్‌స్టాలు, మాసపత్రికైతే చందా. రెండు పద్ధతులూ పన్నెండేళ్లు నడిపాక తేలింది ఇదే. తారుమారు చేస్తే రెండువైపులా విసుగే.

వారపత్రికకి చందా వద్దనడం సీరియల్ గురించే. టపాలో ఒక సంచిక వెనకబడితే దాని తరవాతిది ముందొచ్చి కూర్చుంటుంది. 23వ భాగం చదివేశాక 22 చేతికొస్తే ఏం లాభం? కొట్లో ఆ బెడద లేదు. కాకపోతే అట్ట మీద తేదీని నమ్ముకోకూడదు. ఆ తేదీకి చాలా ముందే సంచిక కొట్లో తాడుకి వేలాడుతుంది. తేదీ చూసుకుని తీరిగ్గా వెళ్తే ‘అయిపోయిందండీ’ అంటారు. కట్ట వారంలో ఏ రోజు, ఏ బస్సుకి దిగుతుందో కొట్టాయన్నే అడిగి గుర్తుపెట్టుకోవాలి. మిగిలిన కాపీలు వెనక్కి తీసుకోని పత్రికైతే ఆయన నాలుగో అయిదో లెక్కపెట్టి తెప్పిస్తాడు. అలాంటివాటికి నెల డబ్బులు ముందే ఇచ్చి, ఒకటి పక్కన పెట్టమనడం మేలు. పైన వేలాడే కాపీ ఎండకి వెలిసి, క్లిప్పు పెట్టిన చోట నొక్కుకుపోయి ఉంటుంది. లోపలిది అడగండి, ఏమీ అనుకోరు.

నిజానికి కొట్టు నిలబడేది ఇప్పుడు కథల పత్రికల మీద కాదు. పోటీ పరీక్షల మాసపత్రికలు, ఉగాదికి పంచాంగాలు, మిగతా రోజుల్లో నీళ్ల సీసాలు. 1947 జులైలో మొదలైన చందమామ ఆగిపోయాక పిల్లలకంటూ ఆ తాడు మీద మిగిలింది రంగులేసుకునే పుస్తకాలే.

ఇక మాసపత్రిక చందా. రొయ్యల సాగు పత్రికలు, సప్తగిరి, రామకృష్ణ ప్రభ లాంటివి ప్రతి కొట్లోనూ దొరకవు, కాబట్టి పోస్టే దిక్కు. ఫోన్లో డబ్బు పంపగానే పని అయిపోయిందనుకోవడం అందరూ చేసే పొరపాటు. డబ్బు వాళ్ల ఖాతాలో పడుతుంది గానీ ఎవరిదో, ఏ ఊరో వాళ్లకి తెలీదు. లావాదేవీ నంబరు, పూర్తి చిరునామా, ఏ నెల సంచిక నుంచి కావాలో అదే రోజు వాట్సాప్‌లో పంపాలి. మొదటి సంచిక రాగానే రేపరు మీది చీటీ చింపి దాచండి. చందా నంబరు, గడువు ముగిసే నెల చాలావరకు అక్కడే ఉంటాయి.

చిరునామాలో ఊరి పేరు కంటే పిన్‌కోడే ముఖ్యం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినా పిన్‌కోడ్లు మారలేదు. అమలాపురం ఎప్పటిలాగే 533201, భీమవరం 534201. పి. గన్నవరం వాళ్లు మాత్రం ఆ ‘పి’ని వదలకండి. వదిలితే పత్రిక విజయవాడ పక్కన గన్నవరం చూసి రావచ్చు. చిన్న ఊరైతే బ్రాంచి పోస్టాఫీసు పేరు, దాని కింద ‘వయా’ అని సబ్ పోస్టాఫీసు పేరు రాయాలి.

తపాలా శాఖ దగ్గర రిజిస్టరైన పత్రికకి తపాలా ఖర్చు పైసల్లోనే ఉంటుంది. అంత చవక కాబట్టే ట్రాకింగ్ నంబరు ఉండదు. రిజిస్టర్ పోస్టు కూడా 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ఆ దారిన తెప్పించుకుంటే ఖర్చు చాలాసార్లు పత్రిక ధరనే మించిపోతుంది. దానికంటే పత్రికలో ఎడిటరు, ప్రింటరు పేర్లు వేసే చోట పోస్టింగ్ తేదీ ఉందేమో చూడండి. ఆ తేదీకి ఏడెనిమిది రోజులు కలపండి, అప్పటికీ రాకపోతే వెంటనే చందా నంబరుతో అడగండి. ఆ నెల దాటితే ఆఫీసులో మిగులు కాపీలుండవు. ‘మళ్లీ పంపాం’ అన్న మాట ఒక్కటే మిగులుతుంది.

గోదావరి వరద రోజుల్లో ఈ లెక్కలేవీ పనిచెయ్యవు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 13.75 అడుగులకి చేరి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే లంక ఊళ్లకి టపా సంగతి మర్చిపోవచ్చు. కాజ్‌వేలు మునిగాక మనుషులకే పడవలు. జులై, ఆగస్టు సంచికలు కలిసి రావడం లంకల్లో మామూలే. తడిసి వస్తే, న్యూస్‌ప్రింటు పత్రికని ఫ్యాను కింద ఆరబెడితే సరిపోతుంది. నున్నటి కాగితమైతే ఆరేలోపే పేజీ పేజీకి పాత పేపరు ముక్క పెట్టాలి. లేదంటే పూత కరిగి అట్టలా అతుక్కుపోతుంది, తర్వాత విడదీస్తే అక్షరాలు ఊడొస్తాయి.

దాచుకునేవాళ్లకి అసలు శత్రువు ఇక్కడి చెమ్మ. రెండు వానాకాలాలు దాటేసరికి పిన్నులు తుప్పుపట్టి మధ్య పేజీలు రాలిపోతాయి. రామబాణం పురుగులు జిగురున్న చోట మొదలుపెడతాయి. కలరా ఉండలు వాటిని కొంత ఆపుతాయి గానీ తుప్పుని ఆపవు. ఏడాది తిరగ్గానే బైండింగుకి ఇవ్వడమే దారి. మాసపత్రికలు పన్నెండు ఒక పుస్తకం, వారపత్రికలు పదమూడు. అంతకు మించితే వీపు విరుగుతుంది. పిన్నులన్నీ పీకించి దారంతోనే కుట్టమనాలి. మైదా జిగురులో మైలుతుత్తం కలపమనాలి. అది విషం కాబట్టి పురుగు తొందరగా చేరదు, పిల్లల చేతికీ అందకూడదు. అంచులు కోసేటప్పుడు అక్షరాలు తెగకుండా చూడమని, అట్టలు తీసెయ్యొద్దని ముందే చెప్పాలి. చెప్పకపోతే బొమ్మలన్నీ పోయి లోపలి కాగితాలే తిరిగొస్తాయి.