రోజుకో మాటా, ఒక్క పనా? బొమ్మ వేయడానికి ఏ సూచన మేలు

ప్రతి ఏడూ సెప్టెంబరు చివరికొచ్చేసరికి నన్ను అడిగేది ఒకటే ప్రశ్న. “అక్కా, అక్టోబరు లిస్టు పట్టుకోమంటారా, ఇంకేదైనా చెబుతారా?” అక్టోబరులో రోజుకో మాట ఇచ్చి దాని మీద బొమ్మ వేయమనే లిస్టు అది. విజయనగరంలో మా డాబా మీద ఆదివారాలు బొమ్మలు వేసుకునేవాళ్ళం పది పన్నెండు మందిమి ఉన్నాం. వాళ్ళూ అడుగుతారు, ఫోన్ చేసినవాళ్ళూ అడుగుతారు. ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ రాసేస్తున్నాను.

వీడియో చూస్తూ అచ్చం అలాగే దించడం సంగతి ఎత్తను. చెయ్యి తిరగడానికి అది పనికొస్తుంది, కాదనను. కానీ వీళ్ళు అడిగేది వేరు. ఎవరో ఒకరు ‘ఇది చెయ్యి’ అని చెప్పాలి, మిగతాది మనకే వదిలెయ్యాలి. అలాంటివి మూడు రకాలు చేసి చూశాను.

మొదటిది రోజుకో మాట. అక్టోబరు 31 రోజులూ ఇంకుతో రోజుకో బొమ్మ వేయాలని అమెరికా బొమ్మల కళాకారుడు జేక్ పార్కర్ 2009లో తనకు తాను పెట్టుకున్న నియమమే ఇంక్‌టోబర్. ఇప్పుడు ఆ పద్ధతిలో ఎవరి లిస్టు వాళ్ళదే. పొద్దున్న లేస్తే ‘చేప’ అనో ‘వంతెన’ అనో ఒక మాట ఉంటుంది. రోజూ పెన్ను పట్టుకునే అలవాటు కావాలంటే దీన్ని మించింది లేదు. నేను మూడేళ్ళు ప్రయత్నించాను, ఒక్కసారే 31 దాకా వెళ్ళాను. మన వైపు అక్టోబరు అంటే దసరా, దాని వెనకే పైడితల్లమ్మ పండగ, మధ్యలో ఎక్కడో ఒక తుఫాను హెచ్చరిక. ఒక ఏడాది సిరిమానోత్సవం రోజున, చింతమాను చివర కూర్చున్న పూజారి గుడికీ కోటకీ మధ్య తిరుగుతుంటే, ముందు పాలధార, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తుంటే, నేను ఇంట్లో కూర్చుని ఫోన్‌లో పెంగ్విన్ ఫోటోలు వెతుకుతున్నాను. ఆ రోజు లిస్టులో ఉన్న మాట అది మరి!

తప్పు పెంగ్విన్‌ది కాదు. ఒక్క మాట చేతికిస్తే బరువంతా పెన్ను కాగితం మీద పెట్టకముందే పడుతుంది. చేప అంటే ఏ చేప? వలలోదా, చట్టిలోదా? ఆ టెన్షన్ తప్పించుకోవడానికి చెయ్యి ఫోన్ వైపు పోతుంది, లేదా చిన్నప్పుడు నేర్చుకున్న బొమ్మ దగ్గరికి పోతుంది. ఒక ఆదివారం ఊరికే పరీక్షగా ‘చేప’ అని చెప్పాను. పన్నెండు మంది గీస్తే తొమ్మిది చేపలు ఎడమవైపుకే చూస్తున్నాయి. తొమ్మిదింటికీ ఒక్కొక్క కన్నే.

రెండోది పని చెప్పే సూచన. దీనికి పెద్ద దిక్కు అమెరికా కళాకారుడు సోల్ లెవిట్. ఆయన 1968 నుంచి గోడ బొమ్మలకు సూచనలు రాసేవాడు, వాటిని వేరేవాళ్ళు గోడ మీద గీసేవారు. 2007లో ఆయన పోయాక కూడా గీస్తూనే ఉన్నారు, అయినా అవి ఆయన బొమ్మలే. 1971 నాటి 118వ గోడ బొమ్మ సూచన ఇంతే: గోడ మీద గట్టి పెన్సిల్‌తో యాభై చుక్కలు ఎలా పడితే అలా పెట్టండి, అవి గోడంతా సమంగా పరుచుకోవాలి, ప్రతి చుక్కనూ మిగతా చుక్కలన్నిటితో తిన్నని గీతలతో కలపండి.

చుక్కలు పెట్టి గీతలు కలపడమంటే మన ఆడవాళ్ళకు వేరే చెప్పాలా? అందుకే దీన్ని మా డాబా మీద చాక్‌పీసుతో చేయించాను. యాభై చుక్కలకు 1225 గీతలు అవుతాయి, మన వల్ల కాదని ఇరవైకి తగ్గించాను, అప్పుడు 190. చీపురుపల్లి నుంచి వచ్చిన మా పెద్దమ్మ కూడా చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కూర్చుంది. పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు, సందు చుక్క అంటే కళ్ళు మూసుకుని పెట్టగల మనిషి. సూచన చదివి వినిపిస్తే చాక్‌పీసు కింద పెట్టేసింది.

“ఏటే ఇది? ఎలాపడితే అలగంటావు, మల్లీ సమంగా ఉండాలంటావు. రెండూ ఎలగవుతాయే?”

అసలు కిటుకంతా అక్కడే ఉంది. అవి రెండూ ఒకదానికొకటి పడవు. ఏది ఎంత పాటించాలో గీసేవాళ్ళే తేల్చుకోవాలి. పెద్దమ్మ కాసేపు చూసి, బెత్తెడు బెత్తెడు దూరంలో పెట్టుకుంటూ పోయింది. ఎంత వద్దనుకున్నా ఆ చెయ్యి వరసలోకే వచ్చేసింది, నాలుగు వరసలు, ఐదేసి చుక్కలు. పక్కింటి ఇంటర్ కుర్రాడు వెనక్కి తిరిగి చాక్‌పీసు ముక్కలు విసిరి, అవి పడ్డచోటల్లా చుక్క పెట్టాడు. సమంగా లేవని నాలుగు ముక్కలు మళ్ళీ విసిరాడు. గీతలు కలిపేసరికి నేను అనుకోనిది జరిగింది. పెద్దమ్మ కూడా 190 గీతలు లెక్కగా వేసింది కానీ కంటికి అన్ని కనబడలేదు. చుక్కలు వరసలో ఉంటే గీత మీద గీత పడిపోతుంది కదా! ఆవిడది పల్చగా, మధ్య మధ్య తెరుచుకున్న సందులతో కిటికీ ఊచల్లా వచ్చింది. కుర్రాడిది ఒక మూల ముద్ద కట్టి, రెండో వైపు చిరిగిన వలలా సాగింది. సూచన ఒకటే, చుక్కలూ గీతలూ అన్నే. ఏది ఎవరిదో పేరు రాయకపోయినా తెలిసిపోతుంది. తొమ్మిది చేపల్లో నాకు ఆ సంగతి తెలియలేదు.

సూచనలో ఖాళీ ఎక్కడ ఉందన్నదే నా దృష్టిలో తేల్చే విషయం. రోజుకో మాటలో ఖాళీ అంతా మొదట్లోనే ఉంటుంది, మనం ఇంకా ఏమీ చేయకముందు. లెవిట్ సూచనలో ఖాళీ మధ్యలో వస్తుంది. అప్పటికే చెయ్యి పనిలో పడి ఉంటుంది కాబట్టి భయం వేయదు. ఇది మనకు కొత్తదేం కాదు. ఆదిభట్ల నారాయణదాసు గారి ఊరివాళ్ళం, అవధానం గురించి ఎవరో చెప్పాలా! వర్ణన అడిగితే ఎంత గొప్ప అవధాని అయినా ముందే చేతిలో ఉన్న సామాను కొంత వాడుకోవచ్చు. నిషిద్ధాక్షరిలో అక్షరం అక్షరానికీ, ప్రశ్న వేసే పృచ్ఛకుడు ‘ఈ అక్షరం వాడకూడదు’ అని దారి మూసేస్తుంటే అప్పటికప్పుడు పక్క సందు వెతుక్కోవాలి. సభ ముందుకు వంగి కూర్చునేది అప్పుడే.

మూడో రకం జపాన్ కళాకారిణి యోకో ఓనోది. 1964లో టోక్యోలో వేసిన తన సూచనల పుస్తకంలో సగం చేయగలిగినవి, సగం మనసులో అనుకోవలసినవి. వీటిలో ఖాళీ చివర్లో ఉంటుంది: చేశామా, అయిందా, ఎవరు చెప్పాలి? నాకు ఆవిడంటే గౌరవమే, కొన్ని చదివితే రోజంతా మనసులో తిరుగుతాయి. కానీ ఆదివారం బ్యాచ్‌కి ఇస్తే సగం మంది నవ్వి ఊరుకుంటారు, సగం మంది టీ కాచుకుంటారు. కాన్వాసును నేల మీదో వీధిలోనో వదిలి జనం తొక్కనివ్వమనే సూచన ఒకటి చదివితే పెద్దమ్మ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆవిడ వాకిట్లో ముగ్గును పాలవాడి సైకిలు రోజూ తొక్కుతుంది.

ఇవి కాక సంగీతకారుడు బ్రయన్ ఈనో, చిత్రకారుడు పీటర్ ష్మిట్ కలిసి 1975లో తెచ్చిన సూచనల కార్డులు ఉన్నాయి. పని మధ్యలో ఆగిపోయినప్పుడు ఒకటి తీసి చదువుకోవాలి. మొదలుపెట్టనివాళ్ళకు వాటితో పనిలేదు. గీయడమే రాదనేవాళ్ళకు మాత్రం అమెరికా కళాకారులు మిరండా జులై, హారెల్ ఫ్లెచర్ ఎవరైనా చేసి పంపమని 2002 నుంచి 2009 దాకా ఇచ్చిన 70 పనుల్లో ఒకటి చెబుతుంటాను: మంచం కిందకు ఫ్లాష్ వేసి ఫోటో తీయండి. మా ఇంట్లో తీస్తే ఉల్లిపాయల బుట్ట, ఇనప ట్రంకుపెట్టె, రెండేళ్ళుగా వెతుకుతున్న నా జామెట్రీ బాక్సు దొరికాయి.

అలవాటు కోసమైతే లిస్టే పట్టుకోండి, పండగ రోజు మాత్రం లిస్టు మూసేసి వీధిలోకి వెళ్ళండి. మీ చెయ్యి ఎలాంటిదో చూసుకోవాలంటే ఇరవై చుక్కలతో మొదలుపెట్టండి. మొదటి చుక్క నుంచి 19 గీతలు, రెండోదాని నుంచి కొత్తగా 18, అలా తగ్గుకుంటూ పోవాలి. అయిపోయిన చుక్క చుట్టూ చిన్న సున్నా చుట్టకపోతే లెక్క తప్పుతుంది, మాకు రెండుసార్లు తప్పింది. అద్దె ఇల్లయితే గోడ జోలికి వెళ్ళకుండా డాబా మీదే వేసుకోండి. సాయంత్రం వాన పడేలోపు ఫోటో తీసి ఉంచండి. మాది ఆ రోజు తీయనేలేదు.