చవక యాక్షన్ కెమెరాతో గుడిస ఎక్కితే

మాది పాత మహీంద్రా మేజర్ జీపు. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి, అక్కణ్నుంచి గుడిస కొండ, వానలు తగ్గాక పాములేరు చుట్టుపక్కల దారులు, సెలవొస్తే ఇదే మా తిరుగుడు. ఆ రాళ్ల దారి వీడియో తీద్దామని 2021లో ఆన్‌లైన్‌లో ఆరువేలు పెట్టి ఒక యాక్షన్ కెమెరా (బండికో హెల్మెట్‌కో తగిలించి తీసే చిన్న కెమెరా) కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, ఆ ధరలో అదే డబ్బా నాలుగైదు పేర్లతో దొరుకుతుంది, కాబట్టి ఒకరిని తిట్టి లాభం లేదు. దాన్ని మూడేళ్లు వాడాను. ఆ తర్వాత సెకండ్ హ్యాండ్‌లో డీజేఐ కంపెనీ యాక్షన్ కెమెరా ఓస్మో యాక్షన్ 3 తీసుకున్నాను. రెండూ అరగదీశాక రాస్తున్న సంగతులివి.

డబ్బా మీద 4కె అని పెద్దక్షరాలు చూసి మోసపోయాను. 4కె (మామూలు 1080 కన్నా నాలుగు రెట్లు చుక్కలున్న బొమ్మ) వస్తుంది, కానీ కుదుపు తగ్గించే స్టెబిలైజేషన్ 1080లో మాత్రమే పనిచేస్తుందని మాన్యువల్లో ఎక్కడో చిన్నక్షరాల్లో ఉంది. స్టెబిలైజేషన్ లేకుండా 4కెలో తీసిన మొదటి గుడిస వీడియో టీవీలో పెడితే మా అమ్మ రెండు నిమిషాలు చూసి "కళ్లు తిరుగుతున్నాయిరా, ఆపు" అంది. చవక కెమెరాల్లో చాలావాటికి సెన్సరే అంత ఉండదు, చిన్న బొమ్మనే సాగదీసి 4కె అంటారు. కాబట్టి పదివేల లోపు కొనేవాళ్లు 4కె గురించి ఆలోచించడం మానేసి, 1080లో సెకనుకి 60 ఫ్రేములతో, స్టెబిలైజేషన్ ఆన్‌లో పెట్టి తీసిన శాంపిల్ వీడియో చూడండి, అదీ రోడ్డు మీద కాదు, గతుకుల్లో తీసింది.

అయితే కెమెరా ఎంత మంచిదైనా మౌంటు సరిగ్గా లేకపోతే దండగ. నాకు ఇది అర్థం కావడానికి ఏడాది పట్టింది. మొదట బానెట్ మీద సక్షన్ కప్పుకి పొడుగు కడ్డీ తగిలించి దాని చివర కెమెరా పెట్టాను. డీజిల్ ఇంజను ఐడిల్లో ఉన్నా సరే బొమ్మ మొత్తం జెల్లీలా అలలు అలలుగా ఊగేది. పెద్ద కుదుపుని స్టెబిలైజేషన్ సర్దుతుంది గానీ ఇలాంటి సన్న వణుకు దాని వల్ల కాదు. కడ్డీ పొట్టిగా ఉండాలి, పట్టు గట్టిగా ఉండాలి. రోల్ కేజ్ (బండి బోల్తా పడినా మనుషులు నలగకుండా వేసే పైపుల చట్రం) పైపుకి క్లాంపు వేసి, మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క చుట్టాక నా వీడియోలు ఒక్కసారిగా మారిపోయాయి, కెమెరా మాత్రం అదే ఆరువేలది.

సక్షన్ కప్పు ఎర్ర దుమ్ములో అసలు నిలబడదు. గుడిస దారిలో ఒకసారి వెనక కూర్చున్న మా బావమరిది "బావా, కెమెరా ఉందా, పోయిందా?" అని అరిచాడు. కప్పు అప్పటికే ఊడింది. బంపరు హుక్కుకి నైలాన్ తాడు కట్టి ఉంచాను కాబట్టి పక్కన వేలాడుతూ, డబ్బాలో గులకరాయిలా కొట్టుకుంటోంది. ఆ తాడు ఖరీదు ఇరవై రూపాయలు. అంటించే ప్యాడ్లు వాడేవాళ్లయితే రేకుని స్పిరిట్‌తో తుడిచి, అంటించాక ఒక రోజంతా వదిలేయండి, బయల్దేరే పొద్దున అంటిస్తే మారేడుమిల్లి చెక్‌పోస్టు దాటకముందే ఊడిపోతుంది.

నీళ్ల విషయం. చవకవాటికి నీళ్లు పోకుండా ప్లాస్టిక్ కేసు ఇస్తారు. ఎండలో వేడెక్కిన కెమెరాని అందులో మూసి చల్లటి వాగులో దిగితే లోపల ఆవిరి పట్టి వీడియో మొత్తం మంచు కురిసినట్టు వస్తుంది. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లం ఒకటి లోపల వేస్తే తగ్గింది. కేసు మూస్తే శబ్దం కూడా దిండు కింద నుంచి వస్తున్నట్టు ఉంటుంది. ఓస్మో యాక్షన్ 3కి కేసు లేకుండానే 16 మీటర్ల లోతు వరకు పరవాలేదు, మన వాగులకి అదే ఎక్కువ. కింద అయస్కాంతం పట్టు ఉండటంతో మట్టి చేతులతో కూడా తీసి పెట్టొచ్చు, ముందూ వెనకా టచ్ స్క్రీన్లు ఉన్నాయి కాబట్టి బంపరు దగ్గర వంగి ఫ్రేమ్ చూసుకోవడం సులువు. పాత మోడలే కదా అని వెనకాడకండి, 2022లో వచ్చినదైనా కుదుపు సర్దడంలో నా పాతదానికీ దీనికీ పోలికే లేదు.

సెకండ్ హ్యాండ్‌లో గోప్రో చూసేవాళ్లకి ఒక మాట. గోప్రో హీరో 8 మోడల్లో లెన్సు మీది అద్దం విడిగా మార్చుకోవడానికి లేదు, హీరో 9 నుంచి మార్చుకోవచ్చు. ముందు బండి చక్రం నుంచి రాళ్లు ఎగిరొచ్చే చోట ఇది చిన్న విషయం కాదు. కొనేముందు లెన్సు మీద గీతలు, బ్యాటరీ ఉబ్బు, బ్యాటరీ తలుపు రబ్బరు, మూడూ చేత్తో తడిమి చూడండి.

ఇప్పుడు ఎవరూ చెప్పని సంగతి. కొన్ని కెమెరాల్లో హొరైజన్ సరిచేసే సెట్టింగ్ ఉంటుంది, బండి వాలినా బొమ్మ వాలదు. బైకు వాళ్లకి బాగుంటుందేమో గానీ మనకి అది శత్రువు. జీపు ఒక పక్కకి ఒరిగి, నా పక్కనున్నాయన దేవుణ్ని తలుచుకున్న చోట, ఇంటికొచ్చి చూస్తే వీడియోలో బండి కాలవగట్టు మీద వెళ్తున్నట్టు నున్నగా ఉంది! ఆపేయండి దాన్ని. వైడ్ లెన్సు ఎలాగూ ఏటవాలుని చదును చేసి చూపిస్తుంది, అందుకే కెమెరాని పైన కాకుండా చక్రం ఎత్తులో పెడితేనే ఎక్కుడు ఎక్కుడులా కనిపిస్తుంది. అలాగే కెమెరాని లోపల పెట్టి డ్రైవర్ని తీసేటప్పుడు స్టెబిలైజేషన్ ఆపాలి. లేకపోతే అది బయటి కొండని నిలబెట్టి జీపునే ఊపుతుంది, స్టీరింగూ మనిషీ తేలుతున్నట్టు వస్తారు.

మారేడుమిల్లి చెట్ల నీడలో సాయంత్రం నాలుగు దాటితే ఏ చిన్న సెన్సరైనా తడబడుతుంది. వెలుతురు చాలక షట్టర్ నెమ్మదిస్తుంది, ప్రతి కుదుపుకీ బొమ్మ అలుక్కుపోతుంది. దాన్ని స్టెబిలైజేషన్ బాగుచేయలేదు. షట్టర్ వేగం నేనే పెంచి పెట్టుకుంటాను, బొమ్మలో కాస్త గరుకు వచ్చినా నాకు ఫరవాలేదు.

కార్డు దగ్గర పొదుపు చేయకండి, వి30 గుర్తున్నది (సెకనుకి కనీసం 30 మెగాబైట్లు రాయగలదని ఆ గుర్తుకి అర్థం) తీసుకోండి. సెకనుకి 100 మెగాబిట్లతో తీస్తే గంటకి 45 జీబీ పడుతుంది, అంటే 128 జీబీ కార్డు మూడు గంటలు కూడా రాదు. బ్యాటరీలు కనీసం రెండు. నా పాతదానికి యాభై నిమిషాలు వస్తే గొప్ప, బ్యాటరీ తీసిన ప్రతిసారీ తేదీ మొదటికి వెళ్లిపోయేది, మా ట్రిప్పులన్నీ 2017లో జరిగినట్టు ఉంటాయి. మే నెల ఎండలో అద్దం వెనక డాష్‌బోర్డు మీద వదిలేయకండి, గాలి తగలక ఆగిపోతుంది. నా బ్యాటరీ ఒకటి అలాగే ఉబ్బి, పిన్నీసుతో పీకాల్సొచ్చింది (ఆ పని మీరు చేయకండి).

పాతదాన్ని అమ్మలేదు. రోల్ కేజ్ మీద నుంచి దించి, వెనక చక్రం వైపు చూసేలా చాసిస్‌కి కట్టేశాను, తాడు రెండు వరసలు వేసి. బురద మీద పడి సగం వీడియో కనిపించదు గానీ, కనిపించిన సగంలో సస్పెన్షన్ ఎలా దిగుతుందో చూస్తూ మా మెకానిక్ బుష్ అరిగిందని పట్టేశాడు.